నేనెంచిన గవి

1. ఉత్తరాషాఢ కార్తె

రాబోయే ఎండాకాలానికి మా ఎర్రదిన్నె ఊరు ఏ గవిలోకి, ఏ కొండగుహలోకి పోవాలో చూసి చెప్పడం నా పని. సర్వే ఆఫీసులో పనిచేసి రాళ్ళ సంగతి నేర్చుకున్నవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే. పోయినేడు మేమున్న గవికి వానల్లో కప్పు కూలింది. అశ్విని కార్తె వచ్చేలోపు అందరం ఏదో ఒక గవిలో ఉండాలి. అప్పట్నుంచి మృగశిర దాకా పగటిపూట బయట ఎవరూ బతకలేరు.

ఈ చలిలోనే తిరిగి రెండు చోట్లు చూశాను. ఒకటి గొడుగుబండ. కొండ చరియలో ముందుకు వంగిన రాయి, అంతే. లోతు లేదు, మూడు పక్కలా గాలే. తడి గోనెలు కట్టుకుని, ఉడికిపోతూ ఎలాగో బతకొచ్చు. రెండోది పావురాల గవి. ముందు గుడంత ఎత్తున ఒక చావడి. అక్కణ్ణించి దారి కిందికి వాలుతూ పోయి నడిమి చావడిలోకి, ఆపైన దిగువ చావడిలోకి తెరుచుకుంటుంది. ఊరంతా చాపలు పరుచుకుని పడుకోవచ్చు. అట్టడుగున ఊట. దీపం పట్టుకుని నిలబడితే మంట లోపలివైపు వంగింది. గవి గాలి బాగా పీలుస్తోంది.

ముందు చావడిలో గొయ్యి తవ్వి చూశాను. పైన గట్టిపడిన మేకపెంటికలు. వాటి కింద చిలుం ముక్కొకటి, ఏ సాధువుదో, ఎవరికీ కనబడకుండా దాక్కున్నవాడిదో. ఇంకా కింద కుండ పెంకులు. ఆ అడుగున అంతా బూడిదే. మూలుగ కోసం పగలగొట్టిన ఎముకలు, చాకుల్లా చెక్కిన రాతి పలుకులు. రాతిపనిముట్ల కాలం నుంచి మేకలవాళ్ళ కాలం దాకా ఎన్ని తరాలు ఇక్కడ పొయ్యి వెలిగించాయో చెప్పలేను. లోపలి రెండు చావళ్ళలోనూ తవ్వాను. వట్టి బంకమన్ను. ఒక మూల మసిపట్టిన మూకుడొకటి దొరికింది. ఎవరో వచ్చి, దీపం పెట్టి, వెళ్ళిపోయినట్టుంది.

సాయంత్రం ఊళ్ళో చెప్పాను. మా ఊరి పెద్ద నరసక్క అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

“లోపల అంత సల్లని తావు పెట్టుకోని, ఆ కాలమోళ్ళు వాకిట్లోనే ఎందుకుండిరి నాయనా?”

“చీకటంటే భయం అక్కా. వాళ్ళకి బ్యాటరీ లైట్లు ఎక్కడివి?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పావురాల గవి ఖాయమైంది.

2. అశ్విని కార్తె

చేరుకున్నాం. సోలార్ పలకలు గవి నెత్తిన పరిచి తీగలు లోపలికి లాగాం. కరెంటు పొయ్యిలు నడిమి చావడిలో, పడకలు దిగువ చావడిలో. బయట రాయి మీద నీళ్ళు పోస్తే బుస్సుమంటున్నాయి. లోపల దుప్పటి కప్పుకోవాల్సి వస్తోంది. నా భార్య చౌడమ్మ చాప పరుస్తూ “ఇన్నేళ్ళకి మంచి తావు చూసినావయ్యా” అంది. ఎదురుపడిన ప్రతి మనిషీ అదే మాట. గిడ్డయ్య అయితే కూతుర్ని ఎత్తుకొచ్చి, “ఈ మామే మనకి ఇంత సల్లని ఇల్లు చూపిచ్చినాడు” అని నన్ను చూపించాడు. గొప్పగా అనిపించింది. దాచుకోను.

అందరికన్నా ఆఖర్న ఇద్దరు వచ్చారు. మచిలీపట్నం వైపు వాళ్ళట, ఊరు సముద్రంలో కలిసిపోయాక ఒక చోటని లేకుండా తిరుగుతున్నారు. వసుంధరగారు ఆస్పత్రిలో నర్సుగా చేసినామె. ఆమె భర్త భానుమూర్తిగారు రేడియోలు బాగుచేసేవాడు. ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి గొట్టం పెట్టుకుని ఉంటాడు. పక్కనే సూట్‌కేసంత మిషన్, బ్యాటరీ మీద నడుస్తుంది.

“కాస్త చోటిస్తే చాలండీ, ఎవరికీ అడ్డం రాం” అన్నాడాయన.

నరసక్క నడిమి చావడిలో ఒక మూల చూపించింది.

3. భరణి కార్తె

తలనొప్పులు మొదలయ్యాయి. ముందు ముసలివాళ్ళకి, తర్వాత అందరికీ. పిల్లలు పొద్దెక్కినా లేవడం లేదు, లేపితే ఏడుపు. గిడ్డయ్య కూతురు తిన్నదంతా కక్కుకుంది. నీళ్ళు మంచివి కావేమో అని కాచి తాగించాం. గుణం లేదు.

ఇవాళ అందరూ పైన వంట దగ్గర ఉన్నప్పుడు నూనె దీపం తీసుకుని దిగువ చావడిలోకి పోయాను. నిలబడి పట్టుకుంటే మంట చిన్నబోయింది. మోకాళ్ళ దాకా దించాను. ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దించాను. మళ్ళీ ఆరింది. మేం తల పెట్టుకుని పడుకునే ఎత్తు అది.

ఆరిన దీపం పట్టుకుని లెక్క వేసుకున్నాను.

చలికాలంలో బయటి గాలి చల్లగా, బరువుగా ఉంటుంది. వాలు దారి వెంట అదే దొర్లుకుంటూ లోపలికి వస్తుంది, పాత గాలిని పైకి నెడుతుంది. నేను చూసిన వంగిన మంట అదే. ఎండాకాలంలో బయటి గాలి వేడి, తేలిక. అది కిందికి దిగదు. లోపలి చల్లగాలి కుండలో నీళ్ళలా కదలకుండా నిలిచిపోతుంది. మేమంతా వదిలే ఊపిరి ఆ కుండలోకే చేరుతోంది. ఇది నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. చలికాలంలో వచ్చి ఎండాకాలపు ఇల్లు ఎంచాను.

పైన తవ్విన బూడిద గుర్తొచ్చింది. నేను ఊరందరి ముందూ ఆ కాలంవాళ్ళని పిరికివాళ్ళని చేసి నవ్వించాను.

పైకి వెళ్ళి చెప్పాలి. గొడుగుబండకి ఇప్పుడు పోలేం, ముసలివాళ్ళతో పిల్లలతో ఒక్క రాత్రిలో చేరలేం, తెల్లారితే దారిలోనే పడిపోతాం. ముందు చావడిలోకి ఎక్కొచ్చు, కానీ అక్కడ మధ్యాహ్నం వేడి అలలా కొడుతుంది. చెప్పాలి. రేపు గాలి కొంచెం తిరుగుతుందేమో, చూసి చెబుదామనుకున్నాను. అలా అనుకున్నప్పుడే నాకు తెలుసు, తిరగదని.

4. కృత్తిక కార్తె

ఈ పూట నేను చేసింది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నడిమి చావడిలో అందరం కూర్చున్నాం. గిడ్డయ్య లేచి నిలబడ్డాడు. కూతురు భుజం మీద వాడిపోయి ఉంది.

“వాళ్ళు రాకముందు మనకీ నొప్పులు లేవు. ఆ మిషను రేయింబగళ్ళు గురుగురుమని గాలి లాగుతానే ఉండాది. మన గాలంతా అదే తింటాంది.”

వసుంధరగారు ఓపిగ్గా చెప్పింది. “అలా కాదండీ. ఇది గాలిని వడకడుతుందంతే. ప్రాణవాయువు ఎక్కువున్న భాగం ఈయన ముక్కుకిస్తుంది, మిగిలింది మళ్ళీ గదిలోకే వదిలేస్తుంది. మీరూ నేనూ పీల్చినంతే ఈయనా పీల్చేది.”

“ఆస్పత్రి మాటలు మాకు తెల్దమ్మా” అన్నాడెవరో వెనకనుంచి.

నరసక్క నా వైపు తిరిగింది. “ఓబులేసూ, నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చెప్పు. ఆ మిషను గాలి తింటాందా?”

అందరూ నన్నే చూస్తున్నారు. వసుంధరగారి ముఖంలో భయం లేదు. చదువుకున్నవాడు ఒకడున్నాడు, నిజం చెబుతాడు అన్న ధీమా కనిపించింది. కాదు అనాలి. అంటే తర్వాతి ప్రశ్న ఒకటే, మరి గాలి ఎందుకు చెడింది? దానికి జవాబు నేను.

“కావచ్చు” అన్నాను.

తింటుంది అనలేదు. అబద్ధం చెప్పలేదని నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాట ఏరుకున్నాను. గిడ్డయ్యకి అది చాలు. వాళ్ళని ఇక్కణ్ణించి పంపేద్దామన్నవాళ్ళు చేతులెత్తమంటే దాదాపు అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. ఎత్తకపోతే అనుమానం వస్తుంది.

వాళ్ళని ముందు చావడిలోకి పంపించారు. సామాను మోయడానికి నేనే ముందుకెళ్ళాను. మిషన్ బరువుగా ఉంది. వేడి దెబ్బకి గవి ముఖం దగ్గర కళ్ళు మండాయి. భానుమూర్తిగారు నడవలేక నడుస్తూ నా భుజం పట్టుకున్నాడు.

“మీరొక్కరే సాయం వచ్చారండీ. మర్చిపోను” అన్నాడు.

చాప పరిచేటప్పుడు చౌడమ్మ అడిగింది. “నిజంగా ఆ మిషనేనా?”

“నేను కావచ్చు అన్నా.”

“అదే, నిజంగానేనా?”

అటు తిరిగి పడుకున్నాను.

5. కృత్తిక కార్తె, చివర

తలనొప్పులు తగ్గలేదు. మిషన్ పోయింది కాబట్టి తగ్గుతాయని అందరూ ఎదురు చూస్తున్నారు. “ఇంతకాలం తిన్నది కదా, మళ్ళీ నిండడానికి టైం పడుతుందిలే” అని గిడ్డయ్య ఊరడిస్తున్నాడు. నేను తల ఊపుతున్నాను.

చౌడమ్మని ముందు చావడిలో పడుకోమనొచ్చు. కానీ ఎందుకని అడుగుతారు. పై పక్కకి జరిగి పడుకోమన్నాను. “ఆడ రాయి గుచ్చుకుంటది” అంది. పట్టుబట్టలేదు. గట్టిగా అంటే ఆమెకి అర్థమైపోతుంది. నా భార్య పీల్చే గాలి కన్నా నా పరువు నాకు ముద్దయింది.

రోజూ తెల్లవారుజామున వాళ్ళకి ఊట నీళ్ళు పట్టుకెళ్తున్నాను. గోనెలు తడిపి గవి ముఖానికి అడ్డంగా కట్టి ఇచ్చాను. భానుమూర్తిగారు నేను చలికాలంలో తవ్విన గొయ్యి పక్కనే పడుకుంటున్నాడు. కుతూహలం ఎక్కువ మనిషి. గొయ్యి అంచులో చెయ్యిపెట్టి రాతి పలుకులు ఏరి తుడిచి, వరసగా పేర్చుకున్నాడు.

“చూడండి, ఎంత పదునో. ఇప్పటికీ వేలు కోస్తుంది. ఇక్కడ కూర్చుని చెక్కారన్నమాట. వెలుతురు పడేది ఇక్కడే కదా.” ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. “ఒక సంగతి అర్థం కాలేదండీ. లోపల అంత చల్లగా ఉంటే, వీళ్ళు తరతరాలూ ఇక్కడే ఎందుకున్నారు?”

అందరికీ చెప్పిన హాస్యం నోటిదాకా వచ్చింది.

“నీళ్ళు తాగండి సార్” అని చెంబు అందించాను.

వసుంధరగారు తడి గుడ్డతో ఆయన పాదాలు తుడుస్తోంది. ఆమె చేతుల మీద వేడికి పొక్కులు లేచాయి.

6. రోహిణి కార్తె

పొద్దున చౌడమ్మ బిందె తీసుకుని ఊట దగ్గరికి పోయింది. అదే గవికంతా అడుగు. నీళ్ళ కోసం వంగింది. లేవలేదు.

బిందె దొర్లిన చప్పుడు నేనే విన్నాను. పరిగెత్తాను. ఊట దగ్గర చీకటి. నా చేతిలో దీపం ఆరిపోయింది. ఊపిరి బిగబట్టి, చెయ్యి చాపి తడిమి, ఆమె జబ్బ పట్టుకుని లాగాను. చెయ్యి మెత్తగా వేలాడింది. భుజాన వేసుకుని దిగువ చావడి, నడిమి చావడి దాటి ఎలా ఎక్కానో తెలియదు. అందరూ లేచి వెంటపడ్డారు. నేను ఆగకుండా ముందు చావడికే పోయాను. ఆగాల్సింది అక్కడేనని నా కాళ్ళకి ముందే తెలుసు.

వసుంధరగారు ఒక్క చూపు చూసి, “పడుకోబెట్టండి, ఇటు, వెలుతురులోకి” అంది. నోరు తెరిచి చూసింది, గుండె మీద చెవి పెట్టింది. పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి సన్నగా ఆడుతోంది. తన భర్త వైపు తిరిగింది. అడగలేదు. భానుమూర్తిగారే ముక్కు గొట్టం తీసి అందించాడు.

“ముందు ఆవిడకి పెట్టు. నేను కూర్చునే ఉన్నాగా.”

ఆయన రొమ్ము కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది. రెండు చేతులూ నేలకి ఆనించి, ముందుకి వంగి, ఒక్కో ఊపిరీ ఈడ్చుకుంటున్నాడు. నేను నా భార్య ముఖం చూడాలో ఆయన ముఖం చూడాలో తెలియక ఆ మిషన్‌నే చూస్తూ నిలబడ్డాను.

చాలాసేపటికి చౌడమ్మ దగ్గింది. కళ్ళు తెరిచింది. వసుంధరగారు గొట్టం తీసి, తుడిచి, పరుగున భర్త ముక్కుకి పెట్టింది.

“ఏం జరిగింది?” అని నరసక్క అడిగింది. ఊరంతా చుట్టూ ఉంది.

“అడుగున గాలి చచ్చిపోయింది” అన్నాను. “బయటి వేడిగాలి కిందికి దిగదు. మనం వదిలిన ఊపిరే లోపల నిండింది. చలికాలంలో చూసి నేను తప్పు ఎంచినా. ఆ మిషను ఏ రోజూ మన గాలి తినలేదు. నన్ను అడిగిన రోజే నాకు తెలుసు. అంతకుముందే దీపం పెట్టి చూసినా.”

కూతుర్ని చంకనేసుకుని గిడ్డయ్య ముందుకొచ్చాడు.

“తెలిసీ అట్ల అంటివా?” అన్నాడు గిడ్డయ్య. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది వాడి గొంతులో. కూతురి తల నిమురుతున్నాడు.

వసుంధరగారు భర్త వీపు రాస్తూనే ఉంది. నా వైపు తిరగలేదు.

“ఆ రోజే చెప్పొచ్చు కదండీ” అంది.

తిట్టినా బాగుండేది. కొట్టడానికి ఎవరైనా వస్తారని చూశాను. రాలేదు. నరసక్క నేలచూపులు చూస్తూ, “మనమూ గట్టిగా అడగలేదులే. మనకి కావాల్సిన మాట వాడు చెప్పినాడు, మనం చేతులెత్తినాం” అంది. అది నిజం. ఆ నిజం వెనక దాక్కోవాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

భానుమూర్తిగారు ఊపిరి కూడగట్టుకుని నన్ను అడిగింది ఒక్కటే. “మీ ఆవిడ కులాసాయేనా?”

7. రోహిణి కార్తె, నడుమ

పొయ్యిలతో సహా ఊరంతా ముందు చావడిలోనే ఉంది. ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతున్నాయి. గోనెలు రెండు వరసలు కట్టి పగలంతా వంతులవారీగా తడుపుతున్నాం. నీళ్ళకి దిగేవాళ్ళు తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, ముంచుకుని వచ్చేస్తున్నారు. మధ్యాహ్నం ఎవరూ మాట్లాడరు, ఒంటి మీద తడిగుడ్డ వేసుకుని పడుంటారు. అయినా తలనొప్పులు పోయాయి. గిడ్డయ్య కూతురు పావురాలకి గింజలు విసురుతోంది.

ఇక్కడుంటే తెలుస్తోంది. పొద్దుటి వెలుతురు ఈ గోడ మీద పడుతుంది, అప్పుడు చేతిపనులు. వేడి నీళ్ళ ఆవిరి కప్పు వెంబడి పాకి బయటికి పోతుంది. కింద లోయలో ఏం కదిలినా కనబడుతుంది. ఎవరో బాగా ఆలోచించి ఎంచిన ఇల్లు ఇది. బహుశా వాళ్ళు ఎండలకి ఇంకెక్కడికో పోయి, చలికీ వానకీ ఇక్కడికి వచ్చేవాళ్ళేమో. భానుమూర్తిగారికి ఇదంతా చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు బాకీ ఉండిపోయాను కదా. కళ్ళు మూసుకునే విన్నాడు. “ఇంకా చెప్పండి” అన్నాడు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఆయన పోయాడు. మిషన్ నడుస్తూనే ఉంది. వసుంధరగారు కాసేపు అలాగే నడవనిచ్చి, తర్వాత ఆపింది. అలవాటైన చప్పుడు ఆగిపోయేసరికి పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు.

బయట అంతా బండ, దహనానికి కట్టెల్లేవు. దిగువ చావడిలో పెడదాం, అక్కడ ఎలాగూ ఎవరూ ఉండం అన్నారు కొందరు.

“అక్కడ వద్దు” అంది వసుంధరగారు. “ఈయన్ని ఒకసారి అందరికీ దూరంగా పెట్టారు. ఇంకోసారి పెట్టనివ్వను. ఇక్కడే. పొయ్యి పక్కన.”

“తినే కాడనా అమ్మా?” అన్నాడు గిడ్డయ్య మెల్లగా.

“తినే కాడే.”

గడ్డపార నేనే తీసుకున్నాను. ఎవరో అందుకోబోతే ఇవ్వలేదు. బూడిద మెత్తగా తెగింది. నడుం లోతులో గడ్డపార ఆపి చేత్తో తీయాల్సి వచ్చింది. మోకాళ్ళు గుండెకి ముడుచుకుని, పక్కకి ఒత్తిగిల్లి ఒక మనిషి ఎముకలు. మెడ దగ్గర గవ్వల పూసలు. నెత్తికి ఆనుకుని వాళ్ళ పొయ్యి రాళ్ళు.

వసుంధరగారు వంగి చాలాసేపు చూసింది.

“వీళ్ళూ దగ్గరే పెట్టుకున్నారు” అంది. “కదపకండి. కాస్త ఇటు జరిపి తవ్వండి.”

జరిపి తవ్వాను.

8. రోహిణి కార్తె, చివర

ఊళ్ళోవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు, ఆయనకి ఎలాగూ ఎక్కువ రోజులు లేవని. లోపలున్నా పోయేవాడేనని. నాకు వినబడేలా, నా మేలు కోరే అంటున్నారు. ఒక పూట నేనూ నమ్మాను. ఆ పూట హాయిగా నిద్రపట్టింది. లేచాక ఆ నిద్రకి సిగ్గేసింది. లోపలుంటే పోయేవాడో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆయన ఆఖరి రోజులు ఎండ సెగలో గడిచాయన్నది మాత్రం తెలుసు. అలా గడిపింది ఎవరి మాట వల్లో కూడా తెలుసు.

చౌడమ్మ కోలుకుంది. నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. నిన్న మాత్రం ఒక మాట అంది. “నువ్వు సెప్పింటే నేను ఆ పొద్దే పైకి వచ్చి ఆ ముసలాయన పక్కన కూసోని విసురుతాంటి కదయ్యా.”

ఈ పొద్దు వంట వంతు వసుంధరగారిది. మన్ను ఇంకా కుంగని సమాధి పక్కన పొయ్యి పెట్టి, జొన్న సంకటి కలిపి, వరసగా అందర్నీ పేరుపెట్టి పిలిచింది. నేను గోడ వారగా, ఆఖర్న కూర్చున్నాను.

“ఓబులేసుగారూ, అంత దూరమెందుకండీ? ఇలా వచ్చి కూర్చోండి.”

ఆమె చూపించిన చోటు సమాధికి ఆనుకునే ఉంది. లేచి వెళ్ళి కూర్చున్నాను. అందరూ తినడం ఆపి చూశారు, మళ్ళీ తలలు వంచుకున్నారు. ఆమె నా పళ్ళెంలో ముద్ద పెట్టింది, పైన పప్పు పోసింది. గిడ్డయ్య కూతురికి ఎలా పెట్టిందో అలాగే. ఆ ముఖంలో క్షమించిన గుర్తేమైనా ఉందేమోనని చూశాను, కోపం ఉందేమోనని కూడా చూశాను. ఆకలితో ఉన్న మనుషులకి అన్నం పెట్టే ముఖమే తప్ప ఏమీ కనబడలేదు.

సంకటి వేడిగా ఉంది. తల వంచుకుని తిన్నాను.

“ఇంకొంచెం వేస్తాను” అంది. వద్దనే అర్హత నాకు లేదనిపించి పళ్ళెం ముందుకి జరిపాను.